బరువు పెరగని రోజున ప్లాన్ ఏం చెబుతుంది?

వారానికి మూడు రోజులు స్క్వాట్ చెయ్యాలి, అంటే బార్‌ను భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవాలి. చేసిన ప్రతిసారీ బార్ మీద 2.5 కిలోలు పెంచాలి. కొత్తగా జిమ్‌లో చేరినవాళ్ళకు ఇంటర్నెట్‌లో తరచుగా ఎదురయ్యే ప్లాన్ సారాంశం ఇదే. ఖాళీ బార్‌తోనో 40 కిలోలతోనో మొదలుపెట్టినవాళ్ళకు మొదటి రెండు మూడు నెలలు ఇది చక్కగా పనిచేస్తుంది కూడా. కానీ లెక్క వేసి చూస్తే వారానికి 7.5 కిలోలు, ఏడాదికి 390 కిలోలు. 40తో మొదలైన మనిషి ఏడాది తిరిగేసరికి 430 కిలోలు ఎత్తాలి. ప్రపంచస్థాయి పవర్‌లిఫ్టర్లలోనూ అంత బరువుతో స్క్వాట్ చెయ్యగలిగేవాళ్ళు కొద్దిమందే. అంటే ఆ ప్లాన్ ఎక్కడో ఒకచోట ఆగిపోవడం ఖాయం, ఆ సంగతి రాసినవాళ్ళకూ తెలుసు. ఆగిన రోజున ఏం చెయ్యాలో అందులో రాసి ఉందా లేదా అన్నదే చూడాల్సిన విషయం.

చాలామంది చూసేది అది కాదు. ఏ ఎక్సర్‌సైజులు ఉన్నాయి, వారానికి ఎన్ని రోజులు, చెబుతున్న మనిషి బాడీ ఎలా ఉంది, ఈ మూడే చూస్తారు. మొదటిదాన్ని బట్టి పెద్దగా తేలేదేమీ లేదు. బలం పెంచే ప్లాన్లన్నిటిలోనూ సరుకు దాదాపు ఒకటే: స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను ఎత్తి నిలబడటం), బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీది నుంచి నెట్టడం), రో (వంగి బార్‌ను పొట్టవైపు లాగడం), ఓవర్‌హెడ్ ప్రెస్ (తల పైకి నెట్టడం). వరుస మార్చి, పేరు మార్చి అమ్ముతుంటారు. రెండోది మన ఉద్యోగాన్ని బట్టి, సాయంత్రం ఏడింటికి జిమ్‌లో స్క్వాట్ ర్యాక్ ఖాళీగా దొరుకుతుందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. మూడోది మోసం చేసేది, దాని సంగతి కాస్త ముందుకెళ్ళాక. ప్లాన్‌కీ ప్లాన్‌కీ తేడా బయటపడేది వేరేచోట. ఐదు రెప్స్ చెయ్యాల్సిన సెట్‌లో, అంటే ఆపకుండా ఐదుసార్లు ఎత్తాల్సిన చోట, మూడింటికే చేతులెత్తేస్తే తర్వాతిసారి ఏం చెయ్యాలి?

బాగా ప్రచారంలో ఉన్న ఫైవ్ బై ఫైవ్ (ఐదు సెట్లు, ఐదేసి రెప్స్) ప్లాన్లలో దీనికి సూటి జవాబుంది. ఒకే బరువు దగ్గర వరసగా మూడుసార్లు ఫెయిలైతే పది శాతం తగ్గించి, అక్కడినుంచి మళ్ళీ పెంచుకుంటూ రావాలి. అమెరికన్ లిఫ్టర్ జిమ్ వెండ్లర్ 2009లో బయటపెట్టిన ఫైవ్-త్రీ-వన్ పద్ధతిది ఇంకాస్త ముందుచూపు. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువు 100 కిలోలైతే లెక్కలన్నీ 90 మీద వేసుకోమంటుంది. మూడు వారాలు పెంచి, నాలుగో వారం తేలికగా చేయిస్తుంది. ఆ తర్వాతే చేతులు, భుజాల లిఫ్ట్‌లకు 2.5 కిలోలు, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌లకు 5 కిలోలు కలపనిస్తుంది. మరీ నత్తనడక అని కుర్రాళ్ళకు ఇది నచ్చదు. కానీ ఫెయిల్యూర్ రాకముందే దాన్ని లెక్కలోకి తీసుకున్న ప్లాన్ అది. ఇన్‌స్టాగ్రామ్‌లో చేతులు మారే పీడీఎఫ్‌లలో చాలావాటికి ఒకటో వారం నుంచి పన్నెండో వారం దాకా గళ్ళన్నీ ముందే నింపి ఉంటాయి. మధ్యలో ఎవరైనా ఆగిపోవచ్చన్న ఊహే అక్కడ ఉండదు.

‘పది రెప్స్, మూడు సెట్లు’ అన్న మాట వినబడని జిమ్ లేదు. అది బాడీబిల్డింగ్ స్టేజీ మీద పుట్టిన సూత్రం అనుకుంటారు గానీ, దాన్ని పద్ధతిగా కాగితం మీద పెట్టింది ఒక మిలిటరీ ఆసుపత్రి డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్‌లో గాయపడిన సైనికులకు థామస్ డెలోర్మ్ చికిత్స చేసేవారు. దెబ్బతిన్న కాలికి తేలికపాటి కదలికలు చాలాసార్లు చేయించడం అప్పటి ఆనవాయితీ. ఆయన దాన్ని తిరగేసి, మోయగలిగినంత పెద్ద బరువు పెట్టి, వారం వారం పెంచుతూ చేయించారు. ఫలితాలను 1945లో ప్రచురించారు. మొదట్లో ఏడు నుంచి పది సెట్లు చేయించేవారు. అంత అక్కర్లేదని అర్థమయ్యాక 1948 నాటికి మూడుకు కుదించారు. పదిసార్లు ఎత్తగల గరిష్ఠ బరువులో సగంతో మొదటి సెట్, ముప్పావు వంతుతో రెండోది, పూర్తి బరువుతో మూడోది.

గమనించాల్సింది ఆ చివరి వాక్యమే. డెలోర్మ్ మూడు సెట్లలో నిజంగా బరువైనది ఒక్కటే, మొదటి రెండూ ఈరోజు మనం వార్మప్ అనేవాటి లాంటివి. ఇప్పుడు మూడు సెట్లూ నిండు బరువుతో లాగించి, ఆపైన ఇంకో ఐదు రకాల ఛాతీ ఎక్సర్‌సైజులు కలిపి, నెల తిరగకుండానే భుజం నొప్పి అంటుంటారు. అంకెలు మిగిలాయి, వాటి వెనకున్న లెక్క పోయింది.

ఇక చెప్పే మనిషి బాడీ సంగతి. 1996లో అమెరికాలో షలేందర్ భాసిన్ బృందం 43 మంది మగవాళ్ళ మీద పది వారాలు ఒక ప్రయోగం చేసింది. కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ (కండ పెంచే మగ హార్మోన్), మిగతావాళ్ళకు ఉత్తుత్తి ఇంజెక్షన్. రెండు గుంపుల్లోనూ సగంమంది వెయిట్స్ చేశారు, సగంమంది చెయ్యలేదు. మందు లేకుండా కష్టపడి వ్యాయామం చేసినవాళ్ళకు కొవ్వు కాని శరీర బరువు సగటున 1.9 కిలోలు పెరిగింది. మందు తీసుకుని ఏ వ్యాయామమూ చెయ్యనివాళ్ళకు 3.2 కిలోలు పెరిగింది. రెండూ కలిసినవాళ్ళకు 6.1 కిలోలు. ఈ అంకెలు ఒకసారి చూశాక, కండలు చూసి ప్లాన్ మంచిదా కాదా అని తేల్చడం ఎంత వృథానో వేరే చెప్పనక్కర్లేదు. ఆ శరీరం ఆ ప్లాన్ వల్లే వచ్చిందో, ప్లాన్ ఎలా ఉన్నా వచ్చేదో బయటినుంచి చూసేవాళ్ళకు తెలిసే దారి లేదు. మందుల సంగతి ఎక్కడో అమెరికాకు పరిమితమైనదీ కాదు. ఆపరేషన్ల సమయంలో పడిపోయిన బీపీని నిలబెట్టడానికి వాడే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళకు దొంగచాటుగా అమ్ముతున్నవాళ్ళను హైదరాబాద్‌లో పోలీసులు, డ్రగ్స్ కంట్రోల్ అధికారులు పలుమార్లు పట్టుకున్నారు.

ప్లాన్‌లో రాసిన పని మనిషికి సాధ్యమేనా అని చూడ్డానికి పాత సోవియట్ కొలత ఒకటుంది. 1970లలో సోవియట్ కోచ్ ప్రిలెపిన్ తమ లిఫ్టర్ల శిక్షణ రికార్డులు తిరగేసి ఒక పట్టిక తయారుచేశారు. గరిష్ఠ బరువులో 70 శాతం పైన సెట్‌కు మూడు నుంచి ఆరు రెప్స్, మొత్తం పద్దెనిమిది దగ్గర. 80 దాటితే సెట్‌కు రెండు నుంచి నాలుగు, మొత్తం పదిహేను. 90 దాటాక సెట్‌కు ఒకటో రెండో, మొత్తం పదికి మించకూడదు. ఇది ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లోని రెండు లిఫ్ట్‌లు, స్నాచ్ (ఒకే ఊపులో తల పైకి), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలకు, తర్వాత తల పైకి) కోసం వేసిన లెక్క కాబట్టి బైసెప్ కర్ల్స్‌కు దీన్ని పట్టుకొస్తే నవ్వులాట అవుతుంది. పెద్ద లిఫ్ట్‌లకు మాత్రం ఒక అంచనా ఇస్తుంది. ‘90 శాతంతో ఐదు సెట్లు, ఐదేసి రెప్స్’ అని ఎవరైనా రాశారంటే ఒక్క రోజుకు పాతిక రెప్స్ అవుతాయి, పట్టికలోని హద్దుకు రెండున్నర రెట్లు. రాసినవాళ్ళు ఆ పని ఒక్కసారైనా చేసి చూసి ఉండరని అక్కడే అనుమానపడొచ్చు.

ఆగింది మనిషా, ప్లేట్లా?

బలం పెరగకుండా ఆగిపోవడాన్ని జిమ్ భాషలో ప్లాటో అంటారు, మామూలుగా స్టక్ అయిపోయాం అంటారు. ఒక్కరోజు బార్ లేవకపోతే అది ప్లాటో కాదు. ముందురోజు రాత్రి నైట్ షిఫ్ట్, మే నెల ఎండ, ఏసీ పనిచెయ్యని జిమ్, వీటిలో ఏ ఒక్కటైనా ఒక రెప్పో రెండో తినేస్తుంది. తిండీ నిద్రా సరిగ్గా ఉండి కూడా మూడు నాలుగు వారాలపాటు ఏ అంకె కదలకపోతే అప్పుడు అనుకోవాలి. ఏ అంకె అన్నది కూడా ముఖ్యమే. బార్ మీద బరువు మారకపోయినా రెప్స్ పెరుగుతుండొచ్చు. బరువును రెప్స్‌తో గుణించి, 30తో భాగించి, వచ్చినదాన్ని అసలు బరువుకు కలిపితే గరిష్ఠ బరువు సుమారుగా తెలుస్తుంది. ఎప్లీ సూత్రం అంటారు దీన్ని. 80 కిలోలతో ఐదు రెప్స్ అంటే 93, అదే 80తో ఎనిమిది అంటే 101. ‘రెండు నెలలుగా 80 దగ్గరే ఉన్నా’ అని బాధపడే మనిషి నిజానికి ఎనిమిది కిలోలు బలపడి ఉండొచ్చు.

కొన్నిసార్లు ఆగింది మనిషి కాదు, ప్లేట్లు, అంటే బార్‌కు రెండు పక్కలా తగిలించే బరువు బిళ్ళలు. అమెరికాలో రాసిన ప్లాన్లు ఐదు పౌండ్లు పెంచమంటాయి, అంటే అటో రెండున్నర పౌండ్లు, ఇటో రెండున్నర పౌండ్లు. మన భాషలోకి వచ్చేసరికి అది 2.5 కిలోలు అయింది, అక్కడిదాకా ఇబ్బంది లేదు. కానీ మన గల్లీ జిమ్‌లలో చాలాచోట్ల ఉండే అతి చిన్న ప్లేటే 2.5 కిలోలు. రెండు పక్కలా వేస్తే 5. వంద కిలోల స్క్వాట్‌కు ఐదు కిలోలంటే ఐదు శాతం. ముప్పై కిలోల ఓవర్‌హెడ్ ప్రెస్‌కు అదే ఐదు కిలోలు దాదాపు పదిహేడు శాతం. డంబెల్స్‌తో పది నుంచి పన్నెండున్నరకు వెళ్ళడమంటే ఏకంగా పాతిక శాతం. తేలికపాటి బరువులతో మొదలుపెట్టే ఆడవాళ్ళు ప్రెస్‌లో అందరికంటే ముందు స్టక్ అవడానికి ఇదో పెద్ద కారణం. దాన్ని వాళ్ళ బలహీనతగా చెప్పే ట్రైనర్లు ఉండటం అన్యాయం. 1.25 కిలోల ప్లేట్ల జత ఒకటి కొని బ్యాగులో పెట్టుకోవడమో, బరువు మార్చకుండా ఐదు రెప్స్ నుంచి ఎనిమిదికి వెళ్ళాకే పెంచడమో చేస్తే సరిపోయే సమస్య ఇది. దీనికి కొత్త ప్లాన్ కొనాల్సిన పని లేదు.

చిన్న అడుగు విలువ ఏమిటో పోటీ వెయిట్‌లిఫ్టింగ్‌కు బాగా తెలుసు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే ఆగాయి. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5కు వెళ్ళారు, అది నిలవలేదు. అప్పట్లో బరువులు 2.5 కిలోల మెట్లలోనే పెరిగేవి. 2005 నుంచి కిలో చొప్పున పెంచుకోనిస్తున్నారు. 2024 పారిస్‌లో మీరాబాయి చానుకు కాంస్యం తప్పింది సరిగ్గా ఒక్క కిలో తేడాతోనే.

మీరాబాయి అంకెలు ఇంకో సంగతి కూడా చెబుతాయి. 2020 జాతీయ పోటీల్లో ఆమె స్నాచ్ 88 కిలోలు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 88. 2024 పారిస్‌లోనూ 88. జాతీయ కోచ్, ఫిజియో, డైటీషియన్, పూర్తికాలం శిక్షణ అన్నీ ఉన్న ఒలింపిక్ పతక విజేత నాలుగేళ్ళలో ఒక లిఫ్ట్‌లో అక్కడే ఉన్నారు. అదే సమయంలో, 2021లో, క్లీన్ అండ్ జెర్క్‌లో 119తో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఒకటి ఆగింది, ఒకటి పెరిగింది. ‘ప్లాటో బ్రేక్ చేసే 3 సీక్రెట్లు’ అన్న వీడియో టైటిల్ పక్కన ఈ అంకెలు పెట్టి చూడాలి.

ఒకే లిఫ్ట్ ఆగిపోవడానికీ, అన్నీ ఒకేసారి ఆగిపోవడానికీ కారణాలు వేరు. మిగతావి పెరుగుతూ బెంచ్ ఒక్కటే కదలకపోతే ఫామ్‌లోనో (ఎత్తే తీరులోనో), ఆ కండరానికి వారంలో పడుతున్న సెట్ల సంఖ్యలోనో లోపం ఉంటుంది. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు అంటూ ఒక్కో భాగానికి వారానికి ఒక్కరోజే కేటాయించే ప్లాన్లలో ఇది ఎక్కువ. అదే పనిని రెండు రోజులకు పంచితే తరచుగా కదులుతుంది. అన్నీ ఒక్కసారే ఆగి, నిద్ర చెడి, జిమ్‌కు వెళ్ళాలంటేనే విసుగొస్తుంటే మాత్రం సెట్లు పెంచడం తప్పుడు వైద్యం. ఒక వారం బరువులూ సెట్లూ తగ్గించి చేస్తే, దీన్నే డీలోడ్ అంటారు, పేరుకున్న అలసట పోయి అసలు బలం బయటికొస్తుంది. ఈ రెంటికీ ఒకే మందు, అంటే ‘ఇంకా గట్టిగా చెయ్యి’ అని, రాసిచ్చే ప్లాన్‌ను పక్కన పెట్టెయ్యొచ్చు.

మూడో కారణం పళ్ళెంలో ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ఆధారంగా 2020లో వచ్చిన సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. అది మామూలు ఆరోగ్యానికి. బరువులెత్తేవాళ్ళ మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2018లో చేసిన విశ్లేషణలో కండ పెరుగుదలకు ఉపయోగం సుమారు 1.6 గ్రాముల దాకా కనిపించింది. అదే మనిషికి 104 గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, రాత్రి మళ్ళీ అన్నమో చపాతీలో తింటే మొదటి అంకె చేరడమే కష్టం. కోడిగుడ్డుకు ఆరు గ్రాములు లెక్కేసుకుంటే మిగతా లోటు ఎంతో తెలిసిపోతుంది. ఆరునెలలుగా ఒంటి బరువు కిలో కూడా కదలని సన్నటి కుర్రాడు ప్లాన్ మీద ప్లాన్ మారుస్తుంటే అతను వెతుకుతున్నది తప్పుచోట. అయ్యప్ప దీక్షలో ఉండి, నలభై ఒక్క రోజులు ఒంటిపూట భోజనం, నేల మీద పడక అయినప్పుడు బరువులు తగ్గడం కూడా ఇలాంటిదే. దాన్ని ప్లాటో అనుకుని గాభరా పడనక్కర్లేదు. ఆ నెలన్నర సెట్లు సగానికి తగ్గించి ఉన్న బలం నిలుపుకుంటే చాలు.

పట్టేసినప్పుడు

వెయిట్స్ చేస్తే నడుము పోతుందన్నది మన ఇళ్ళలో తరచుగా వినబడే మాట. పోటీ వెయిట్‌లిఫ్టర్లు, పవర్‌లిఫ్టర్ల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే వెయ్యి గంటల శిక్షణకు గాయాలు సుమారు ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్నాయి. వారానికి నాలుగు గంటలు చేసేవాళ్ళకు వెయ్యి గంటలు పూర్తవడానికి దాదాపు ఐదేళ్ళు పడుతుంది. కాబట్టి భయం అంత అవసరం లేదు గానీ, ఏళ్ళ తరబడి చేసేవాళ్ళకు ఏదో ఒకనాడు ఏదో ఒకటి పట్టేస్తుందన్నదీ నిజమే. ప్లాన్‌కు రెండో పరీక్ష ఇక్కడ మొదలవుతుంది.

నెట్‌లో దొరికే సలహాలు రెండు కొసల్లో ఉంటాయి. ‘నొప్పి ఉంటేనే పెరుగుతావు బ్రో’ అన్నది ఒకటి, ‘ఆరు నెలలు బరువు ముట్టుకోకు’ అన్నది ఇంకొకటి. రెండోదానికి తరచుగా ఎంఆర్ఐ రిపోర్టు తోడవుతుంది. డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య మెత్త బయటికి ఉబ్బడం) అన్న మాట చూడగానే సగం ప్రాణం పోతుంది. అయితే ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా స్కాన్‌లను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందిలో డిస్క్ అరుగుదల, 30 శాతం మందిలో డిస్క్ బల్జ్ కనిపించాయి. ఫొటోలో కనబడిందల్లా నొప్పికి కారణం కాదు. స్కాన్ అక్కర్లేదని దీనర్థం కాదు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, టప్‌మని చప్పుడై వెంటనే వాచి కమిలినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఏ ప్లాన్ వైపూ చూడకూడదు. నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి.

మిగతా మామూలు పట్టేయడాలకు ఫిజియోలు వాడే కొలత సులువైనది. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోవాలి. చేస్తున్నప్పుడు అది ఓర్చుకోగలిగిన స్థాయిలోనే ఉండి, మర్నాటి పొద్దుటికి మామూలుకు వచ్చేస్తే ఆ పని కొనసాగించొచ్చు. రోజు రోజుకూ పెరుగుతుంటే తగ్గించాలి. స్వీడన్‌లో కారిన్ సిల్బర్నాగెల్ బృందం 2007లో మడమ వెనక కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు, అంటే అకిలీస్ టెండన్, నొప్పి ఉన్నవాళ్ళను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును ఐదు మార్కులు దాటకుండా పరిగెత్తనిచ్చింది, ఇంకో గుంపుకు మొదటి ఆరు వారాలు విశ్రాంతి ఇచ్చింది. ఇద్దరికీ చికిత్సలో భాగంగా వ్యాయామాలు ఒకటే. పరిగెత్తినవాళ్ళు వెనకబడలేదు. అయితే ఈ ఐదు మార్కుల హద్దు టెండన్‌కు పెట్టింది. నడుముకు, భుజానికి ఇంకా కిందే ఆగడం మేలు.

ఎక్కడ నొప్పి ఉందో తెలిశాక మార్చాల్సినవి ఒక వరసలో ఉంటాయి, ఎక్సర్‌సైజునే తీసెయ్యడం ఆ వరసలో చివరిది. ముందు బరువు తగ్గించి చూడాలి. తర్వాత వేగం తగ్గించి, దించేటప్పుడు మూడు నాలుగు సెకన్లు తీసుకోవాలి. తర్వాత దూరం. నేల మీది నుంచి డెడ్‌లిఫ్ట్ లాగితే నడుము పట్టేస్తోందంటే బార్‌ను మోకాలి కింద ఎత్తులో పెట్టి అక్కడినుంచి లాగొచ్చు. మోకాలు కలుక్కుమంటుంటే బెంచీ మీద కూర్చుని లేచే ఎత్తుకే స్క్వాట్ చెయ్యొచ్చు. ఆ తర్వాత పట్టు. బార్‌తో బెంచ్ చేస్తే భుజం సలుపుతోందంటే డంబెల్స్ పట్టుకుని అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా చేస్తే చాలాసార్లు తగ్గుతుంది. ఇవేవీ పనిచెయ్యకపోతే అప్పుడు వేరే ఎక్సర్‌సైజు. ఒక చెయ్యి పూర్తిగా కట్టులో ఉన్నా రెండో చేతికి పని ఆపకూడదు. ఒక పక్క శిక్షణ ఇస్తే రెండో పక్క కూడా కొంత బలపడుతుందని యేల్ యూనివర్సిటీలో స్క్రిప్చర్ బృందం 1894లోనే చూపింది. అప్పటినుంచి పదే పదే రుజువైన విషయం అది.

మీరాబాయి కథలో గాయాలది పెద్ద భాగం. 2018లో నడుం నొప్పితో జకార్తా ఆసియా క్రీడలకు దూరమై, 2019 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్‌లో 192 కిలోలతో తిరిగొచ్చారు. 2020లో అమెరికా వెళ్ళి ఫిజియో ఆరన్ హార్షిగ్ దగ్గర భుజం, వీపు సమస్యల మీద పనిచేశారు. తర్వాత నెలల్లోనే ఆ 119 రికార్డు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో తుంటి గాయం. ఆమెకు ఉన్న సదుపాయాలు మామూలు జిమ్ సభ్యులకు ఉండవు. కానీ ఆమె ప్లాన్ ప్రతిసారీ శరీరాన్ని బట్టి మారింది. పీడీఎఫ్‌లకు ఆ గుణం లేదు కాబట్టి ఆ మార్పు చేసుకోవాల్సింది చేసేవాళ్ళే. దానికి కావలసింది ఒక నోటుబుక్కు: తేదీ, బరువు, రెప్స్, నిద్ర, నొప్పికి మార్కు. చాలామంది మొదటి రెండు రాసి మిగతావి వదిలేస్తారు, తీరా పనికొచ్చేవి మిగతావే.

నొప్పి పూర్తిగా తగ్గాక వచ్చే తొందర ఇంకో ప్రమాదం. రెండు మూడు వారాలు ఆపితే బలం పెద్దగా పోదు, పోయింది కూడా మొదటిసారి కంటే త్వరగా తిరిగొస్తుంది. అందుకే పాత బరువు వెంటనే ఎత్తాలనిపిస్తుంది. కండరం ఎంత త్వరగా కోలుకుంటుందో టెండన్ అంత త్వరగా కోలుకోదు, దానికి నెలల లెక్క. ఆపినప్పటి బరువులో అరవై, డెబ్భై శాతంతో మొదలుపెట్టి, ఆపిన వారాలకు కనీసం సమానమైన వారాలు తీసుకుని పాత అంకెకు చేరడం కోచ్‌లలో ఎక్కువమంది పాటించే అలవాటు. మొదటి రెండు వారాలు బార్ చాలా తేలికగా అనిపిస్తుంది. ఆ రెండు వారాల్లోనూ అనుకున్నదానికంటే ఒక్క ప్లేటు కూడా ఎక్కువ వెయ్యకూడదు.